జరిమానా భారమైతే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకటే బాధ: జరిమానా పడింది, కట్టడానికి డబ్బు లేదు. ట్రాఫిక్ చలానా, కోర్టు జరిమానా, కరెంటు ఆఫీసు నోటీసు మూడూ వేర్వేరు చట్టాల కింద వచ్చేవి. ఒకచోట పనికొచ్చే దారి రెండోచోట మూసుకుపోయి ఉంటుంది. కాగితం చేతికి రాగానే అందరి కళ్లూ అంకె మీదే పడతాయి. దానికంటే ముందు చూడాల్సినవి అది ఎవరు ఇచ్చారు, ఏ సెక్షన్ కింద ఇచ్చారు, ఎన్ని రోజుల గడువు అన్నవి.

ప్రశ్న: మద్దిలపాలెం నుంచి గాజువాక దాకా ఆటో తోలుతానండి. రెండేళ్లలో తొమ్మిది చలానాలు పడ్డాయి, మొత్తం పదమూడు వేలు దాటింది. ఈఎంఐ, గ్యాసు పోను రోజుకి నాలుగైదు వందలు మిగిలితే గొప్ప. హైదరాబాద్‌లోలాగ ఇక్కడా డిస్కౌంట్ ఇస్తారంటున్నారు. ఆగమంటారా, డైలీ ఫైనాన్స్‌లో తెచ్చి కట్టేయమంటారా?
(ఆటో డ్రైవర్, మద్దిలపాలెం, విశాఖపట్నం)

జవాబు: రెండూ వద్దు. తెలంగాణలో 2022లో ఒకసారి, 2023 చివర్లో మరోసారి పాత చలానాల మీద రాయితీ ఇచ్చిన మాట నిజమే. అది ఆ ప్రభుత్వం అప్పటికప్పుడు తీసుకున్న నిర్ణయం. దాన్ని చూసి ఇక్కడ ఎదురుచూస్తూ కూర్చుంటే తొమ్మిది కాస్తా పదిహేనవుతాయి.

ఇక డైలీ ఫైనాన్స్ సంగతి. పదివేలు రాసుకుని చేతికి ఎనిమిదిన్నర వేలు ఇచ్చి, రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు చేశారనుకోండి. ఏడాది లెక్కన అది నూటికి నూరు రూపాయలు దాటిన వడ్డీ. చలానాకు అలాంటి వడ్డీ పెరగదు. వడ్డీ లేని బాకీని తీర్చడానికి నూరు రూపాయల వడ్డీకి అప్పు తేవడం ఏ లెక్కన చూసినా నష్టమే.

చేయాల్సింది ఇది. ఈ-చలాన్ పరివాహన్ పోర్టల్‌లో బండి నంబరు, ఛాసిస్ లేదా ఇంజిన్ నంబరు చివరి అంకెలు కొట్టి మొత్తం జాబితా ప్రింటు తీయించండి. మీకు కుదరకపోతే నెట్ సెంటర్ వాళ్లు తీసిస్తారు. ఒక్కో చలానా పక్కన ఉన్న ఫొటో తెరిచి చూడండి. ఆ పని ఎవరూ చేయరు, అసలు కిటుకు అక్కడే ఉంది. ప్లేటు మీద బురద ఉంటే 8ని 3గా చదివిన సందర్భాలు ఉంటాయి. ఒకే సిగ్నల్ దగ్గర నిమిషాల తేడాతో ఒకే తప్పుకు రెండు చలానాలు ఉండొచ్చు. ఫొటోలో ఉన్నది మీ ఆటోయేనా, రంగు, ముందు అద్దం మీద స్టిక్కర్ కలుస్తున్నాయా చూసుకోండి. తేడా ఉంటే అదే పోర్టల్‌లో ఫిర్యాదు విభాగంలో చలానా నంబరుతో పాటు మీ బండి ముందు, వెనక ఫొటోలు, ఆర్సీ కాపీ జోడించి పంపండి. ఫిర్యాదు నంబరు రాసి పెట్టుకోండి. తప్పుడు చలానాను చిన్న మొత్తమే కదా అని కట్టేస్తే ఆ తప్పు మీదేనని ఒప్పుకున్నట్టే. ఆ తర్వాత డబ్బు వెనక్కి రావడం కల్ల.

మిగిలినవి మీవే అనుకుందాం. వాటిని జంక్షన్‌లో నిలబడ్డ ఎస్సైతో మాట్లాడి తగ్గించుకోవడం కుదరదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 200 కింద రాజీ మొత్తం, అంటే కోర్టుకు వెళ్లకుండా కట్టి తేల్చుకునే సొమ్ము, ఎంతో రాష్ట్ర ప్రభుత్వం ఖరారు చేస్తుంది, దాన్ని తగ్గించే అధికారం ఆయనకు లేదు. కానీ తొమ్మిదీ ఒకేసారి కట్టాలన్న నియమమూ లేదు. ఒక్కొక్కటిగా కట్టవచ్చు. వరస మాత్రం జాగ్రత్తగా ఎంచుకోండి.

మీ చలానాల్లో ఇన్సూరెన్స్ లేనందుకు పడ్డది ఉందా? ఉంటే చేతిలో ఉన్న మొదటి డబ్బు చలానాకు కాదు, థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్‌కు పెట్టండి. ఇన్సూరెన్స్ లేని బండికి సెక్షన్ 196 కింద మొదటిసారి 2,000, మళ్లీ పట్టుబడితే 4,000. జైలు శిక్షకూ వీలుంది. అంతకంటే పెద్ద గండం ఇంకొకటి: ఆ స్థితిలో ఎవరినైనా గుద్దితే నష్టపరిహారం మొత్తం ఓనరు జేబులోంచే. పొల్యూషన్ సర్టిఫికెట్ కూడా అంతే. చేయించడానికి అయ్యే ఖర్చు కొద్దిపాటిది, లేకపోతే చట్టంలో జరిమానా 10,000 దాకా ఉంది. కొత్త చలానాలు పుట్టుకొచ్చే కంతను ముందు పూడ్చాలి, పాతవి తర్వాత.

జాబితాలో ఏదైనా చలానా ఎదురుగా కోర్టుకు పంపినట్టు ఉంటే దాని దారి వేరు. దాన్ని జిల్లా కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసులో చూపించి, కేసులను రాజీతో తేల్చే జాతీయ లోక్ అదాలత్ ఈసారి జరిగినప్పుడు అందులో పెట్టించమని అడగండి. ఇది ఏడాదికి సుమారు నాలుగుసార్లు, సాధారణంగా శనివారం జరుగుతుంది. చాలామంది చేసే పొరపాటు ఏమిటంటే, ఆ శనివారం పొద్దున్నే చలానా పట్టుకుని నేరుగా వెళ్లడం. మీ కేసు జాబితాలో లేకపోతే బెంచి ముందు ఫైలే ఉండదు. వారం పది రోజుల ముందే అడిగి పెట్టించుకోవాలి. కచ్చితంగా తగ్గిస్తారన్న హామీ లేదు. తేలితే మాత్రం అక్కడితో తేలినట్టే, దాని మీద అప్పీలు ఉండదు.

కెమెరా పట్టిన ఉల్లంఘనకు 15 రోజుల్లోగా నోటీసు పంపాలని కేంద్రం 2021లో నిబంధన పెట్టింది. మీకు ఏడాది తర్వాత తెలిసిన చలానా ఉంటే ఆ మాట కోర్టులో చెప్పుకోవచ్చు. దాంతోనే చలానా దానంతటదే రద్దవుతుందని మాత్రం అనుకోకండి.

ప్రశ్న: మా తమ్ముడు తాపీ మేస్త్రీ. బీచ్ రోడ్డులో డ్రంక్ అండ్ డ్రైవ్‌లో దొరికాడు. పదివేలు జరిమానా వేస్తారట, లేకపోతే జైలట. వాడికి రోజు కూలీ, ఇద్దరు పిల్లలు. అంత డబ్బు ఎక్కడా పుట్టలేదు. కోర్టుకి వెళ్లకుండా ఉంటే ఏమవుతుంది? జరిమానా కొంచెం కొంచెంగా కట్టొచ్చా?
(అక్క, కంచరపాలెం)

జవాబు: వెళ్లకుండా ఉంటే వారెంట్ వస్తుంది. అప్పుడు పోలీసులు పనిచేసే సైటు దగ్గరికో ఇంటికో వస్తారు. పదివేల సమస్య కాస్తా అరెస్టు, బెయిలు, వకీలు ఫీజు కలిపి ఇంకా పెద్దదవుతుంది. డబ్బు లేకపోయినా సరే, చెప్పిన తేదీకి వెళ్లి తీరాలి. డబ్బు లేదన్న మాటను అక్కడ చెప్పుకోవడానికి చట్టంలోనే దారి ఉంది.

100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185 వర్తిస్తుంది. మొదటిసారి తప్పుకు ఆరు నెలల దాకా జైలు, లేదా 10,000 జరిమానా, లేదా రెండూ. రెండోసారైతే రెండేళ్ల దాకా జైలు, జరిమానా 15,000. ఇది చలానాలా రోడ్డు మీద రాజీ చేసుకునే తప్పు కాదు, కోర్టుకు వెళ్లాల్సిందే. రోడ్డు మీదే సెటిల్ చేస్తానన్న వాడికి ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దు.

ఇప్పుడు కంతుల సంగతి. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 424గా ఉన్నది 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 464వ సెక్షన్ అయింది. కోర్టు జరిమానా మాత్రమే వేసి, కట్టకపోతే ఇన్ని రోజులు జైలు అని చెప్పిన సందర్భంలో, ఆ జైలును ఆపి ఉంచి డబ్బు కట్టడానికి గడువు ఇవ్వవచ్చు. గడువు రెండు రకాలు. మొత్తం 30 రోజుల్లోగా కట్టమనడం ఒకటి. రెండు లేదా మూడు కంతులుగా, మొదటిది 30 రోజుల్లోగా, తర్వాతవి ఒక్కోటి 30 రోజులకు మించని ఎడంతో కట్టమనడం రెండోది. అంటే పదివేలను 3,400, 3,300, 3,300గా దాదాపు మూడు నెలల్లో తీర్చే వీలుంది. అంతకంటే ఎక్కువ కంతులు ఈ సెక్షన్ కింద రావు. జరిమానాతో పాటు నేరుగా జైలు శిక్ష కూడా వేస్తే ఈ వెసులుబాటు వర్తించదు.

ఇది మేజిస్ట్రేట్ ఇస్తే వచ్చేది, హక్కుగా రాదు. పైగా అడిగితేనే ఇస్తారు. తీర్పు చెప్పి పేరు పిలిచి పంపేశాక మళ్లీ లోపలికి వెళ్లి అడగడం కష్టం. అందుకే తెల్లకాగితం మీద ముందే రాసుకుని వెళ్లమనండి: తాపీ పని చేస్తున్నాను, నెలలో సుమారుగా ఇన్ని రోజులు పని దొరుకుతుంది, కూలీ ఇంత, ఇంట్లో నా మీద ఆధారపడ్డవాళ్లు ఇంతమంది, ఈ రోజు ఇంత కట్టగలను, మిగిలింది ఫలానా తేదీలకు కడతాను, 464 కింద గడువు ఇప్పించమని ప్రార్థన. ఒట్టి మాటగా "డబ్బు లేదు సార్" అంటే అందరూ అనేదే కాబట్టి ఎవరూ పట్టించుకోరు. తేదీలు, అంకెలు ఉంటే వినే అవకాశం ఎక్కువ. చేతిలో ఎంతో కొంత ఉండాలి, వెయ్యి అయినా సరే. బాండు రాయమంటారు, పూచీకత్తు కూడా అడగవచ్చు. అందుకని ఆధార్ కార్డుతో ఇంట్లోవాళ్లు ఒకరు వెంట ఉండటం మంచిది. గడువు తప్పితే ఆపి ఉంచిన జైలు వెంటనే అమల్లోకి వస్తుంది. కట్టగలిగిన తేదీలే చెప్పమనండి.

ఇంకో లెక్క కూడా తెలిసి ఉండాలి. జైలు, జరిమానా రెండూ వేయదగ్గ నేరానికి, జరిమానా కట్టనందుకు వేసే జైలు ఆ నేరానికి ఉన్న గరిష్ఠ శిక్షలో నాలుగో వంతు దాటకూడదు. ఇక్కడ గరిష్ఠం ఆరు నెలలు, కాబట్టి నెలన్నర. లోపలికి వెళ్లాక డబ్బు సమకూరితే, కట్టినదానికి తగ్గట్టు రోజులూ తగ్గుతాయి. ఉదాహరణకు పదివేలకు 40 రోజులు వేశారనుకుందాం. పది రోజులు గడిచాక ఇంటివాళ్లు 7,500 కడితే ఆ రోజే విడుదల. పూర్తి సొమ్ము కూడేదాకా ఆగక్కర్లేదు, దొరికింది దొరికినట్టు కట్టవచ్చు. ఈ సంగతి తెలియక చాలా కుటుంబాలు మొత్తం పోగయ్యేదాకా తిరుగుతూ ఉంటాయి.

తాగి దొరికినవాళ్లతో ఆర్కే బీచ్‌లో చెత్త ఏరించిన సందర్భాలు విశాఖలో ఉన్నాయి కాబట్టి అది అడగొచ్చా అని కూడా రాశారు. అడగడంలో తప్పు లేదు, దాని మీదే ఆశ పెట్టుకోవద్దు.

వకీలును పెట్టుకోలేకపోతే న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా ఇస్తుంది. ఎస్సీలు, ఎస్టీలు, మహిళలు, వికలాంగులు, కస్టడీలో ఉన్నవారు ఆదాయంతో పని లేకుండా అర్హులు. మిగతావారికి మన రాష్ట్రంలో ఏడాదికి 3 లక్షల ఆదాయ పరిమితి. ఫోన్ నంబరు 15100. జరిమానా మాత్రం వాళ్లు కట్టరు.

ప్రశ్న: మా ఆయన అడవివరం సెంట్రల్ జైలులో ఉన్నారు. శిక్ష అయిపోయింది. పదిహేను వేల జరిమానా కట్టలేదని ఇంకా ఉంచారు. నేను ఇళ్లలో పని చేసుకుంటాను. ఎవరిని అడగాలి?
(ఒక సోదరి, ఆరిలోవ)

జవాబు: అమ్మా, మీలాంటివాళ్ల కోసమే కేంద్ర ప్రభుత్వం 2023లో పేద ఖైదీల సహాయ పథకం పెట్టింది. జరిమానా కట్టలేక జైల్లోనే ఉండిపోయిన శిక్షపడ్డ ఖైదీకి 25,000 రూపాయల దాకా జిల్లా స్థాయి కమిటీయే మంజూరు చేయవచ్చు. కలెక్టరు, న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శి, పోలీసు అధికారి, జైలు అధికారి, జైలు బాధ్యత చూసే జడ్జి ఆ కమిటీలో ఉంటారు. డబ్బు మీ చేతికి రాదు, నేరుగా కోర్టులో జమ అవుతుంది.

జైలు సూపరింటెండెంట్ ఈ విషయం న్యాయ సేవాధికార సంస్థకు తెలియజేయాలి. అక్కణ్నించి మీ ఆర్థిక స్థితి విచారిస్తారు. ఆచరణలో కాగితం ఎక్కడో ఒకచోట ఆగుతుంది కాబట్టి మీరు రెండు చివరల నుంచీ కదపండి. ములాఖత్‌కు వెళ్లినప్పుడు మీ ఆయనను జైలులోని న్యాయ సహాయ కేంద్రంలో అర్జీ రాయించమనండి. మీరు అదే వారంలో జిల్లా కోర్టుకు వెళ్లి న్యాయ సేవాధికార సంస్థలో ఇంకో అర్జీ ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. తీర్పు కాపీ, ఖైదీ నంబరు, రేషన్ కార్డు, ఆధార్ నకళ్లు జత చేయండి. గంజాయి వంటి మాదకద్రవ్యాల కేసులు, అవినీతి, మనీ లాండరింగ్ కేసులకు ఈ పథకం వర్తించకపోవచ్చు. మీ ఆయన మీద ఉన్న సెక్షన్ ఏదో ముందు చూసుకోండి.

ఈలోగా నాలుగైదు వేలు సమకూరినా కట్టేయండి. పై జవాబులో చెప్పినట్టు ఆ మేరకు రోజులు తగ్గుతాయి.

ప్రశ్న: ఇంటి ముందు గదిలో టిఫిన్ సెంటర్ పెట్టాం. ఇంటి మీటరు మీదే గ్రైండరు, ఫ్రిజ్ వాడాం. కరెంటు వాళ్లు వచ్చి చూసి నలభై రెండు వేలు కట్టమని నోటీసు ఇచ్చారు. వినియోగదారుల ఫోరానికి వెళ్తే తగ్గుతుందని ఒకరు చెప్పారు. నిజమేనా?
(గాజువాక)

జవాబు: ఆ దారిలో వెళ్తే గడువు పోగొట్టుకుంటారు. ముందు నోటీసులో విద్యుత్ చట్టం సెక్షన్ 126 అని ఉందా, 135 అని ఉందా చూడండి. 126 అంటే అనుమతి లేని వాడకం. 135 అంటే దొంగతనం, క్రిమినల్ కేసు. రెండింటికీ దారులు పూర్తిగా వేరు.

126 అయితే మీకు వచ్చింది తాత్కాలిక అంచనా. దాని మీద అభ్యంతరం చెప్పే హక్కు మీకుంది, తుది ఉత్తర్వు 30 రోజుల్లో ఇవ్వాలి. వ్యాపార కేటగిరీ ధరకు రెట్టింపు లెక్కన వేస్తారు. ఎప్పటి నుంచి అలా వాడుతున్నారో తేలకపోతే తనిఖీకి ముందు 12 నెలలకు లెక్క కడతారు. మీకు పనికొచ్చే వాదన ఇక్కడే ఉంది. టిఫిన్ సెంటర్ ఐదు నెలల క్రితమే పెట్టారనుకోండి. వ్యాపార లైసెన్సు, గ్రైండరు కొన్న బిల్లు, అద్దె కాగితం, కమర్షియల్ గ్యాస్ కనెక్షన్ తేదీ, వీటిలో ఏది ఉన్నా అభ్యంతరానికి జత చేయండి. నెలవారీ బిల్లుల్లో యూనిట్లు ఏ నెల నుంచి పెరిగాయో చూపించినా బలమైన ఆధారమే. 12 నెలలు 5 నెలలైతే మొత్తం సగానికి పైగా దిగిపోతుంది. మాటల్లో చెప్పి వచ్చేయకండి, నోటీసు ఇచ్చిన అధికారికి రాతలో ఇచ్చి అందినట్టు సంతకం తీసుకోండి. అదే కాగితంలో కంతులు కూడా కోరండి. ఇవ్వడం ఇవ్వకపోవడం ఆ అధికారి ఇష్టం.

తుది ఉత్తర్వు నచ్చకపోతే 30 రోజుల్లో 127 కింద అప్పీలు, అందుకు సగం సొమ్ము ముందే జమ చేయాలి. కట్టకుండా వదిలేస్తే ఏడాదికి 16 శాతం వడ్డీ, అదీ ఆరు నెలలకోసారి చక్రవడ్డీ. ట్రాఫిక్ చలానాలా ఇది ఊరికే పడి ఉండదు. 126 అంచనాల మీద వినియోగదారుల ఫోరం విచారించజాలదని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. సివిల్ కోర్టు కూడా పనికిరాదు.

135 అయితే సెక్షన్ 152 కింద రాజీకి ఒక్కసారే అవకాశం. ఆ నోటీసు మీద సంతకం పెట్టే ముందే వకీలును కలవండి. ఈలోగా ఆ గదికి విడిగా కమర్షియల్ మీటరుకు దరఖాస్తు పెట్టేయండి.

ప్రశ్న: మూడేళ్ల క్రితం బైకు ద్వారకానగర్‌లో కన్సల్టెన్సీకి అమ్మేశాను. ఇప్పటికీ చలానాలు నా ఫోన్‌కే వస్తున్నాయి.
(ప్రైవేటు ఉద్యోగి, సీతమ్మధార)

జవాబు: ఆర్సీలో పేరు మారలేదు కాబట్టి చట్టం దృష్టిలో ఓనరు మీరే. 2018లో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. చలానాలు చిన్న విషయం. ఆ బండి రేపు ప్రమాదం చేస్తే పరిహారం మీ మీదికి వస్తుంది. అమ్మిన 14 రోజుల్లో ఫారం 29 (బండి అమ్మినట్టు తెలిపే పత్రం) రవాణా శాఖకు ఇవ్వాల్సిన బాధ్యత అమ్మినవారిదే. ఇప్పుడైనా కన్సల్టెన్సీ ఇచ్చిన రసీదు, డబ్బు వచ్చిన బ్యాంకు ఎంట్రీ, కొన్నవారి ఆధార్ కాపీ ఉంటే అదీ జత చేసి ఆర్టీవో ఆఫీసులో, ట్రాఫిక్ పోలీసులకు రాతలో ఇవ్వండి. బండి ఎవరు నడుపుతున్నారో పోలీసులు అడిగితే సెక్షన్ 133 కింద చెప్పాల్సింది ఎలాగూ ఓనరే, అడక్కముందే చెప్పడం మీకే మేలు. కన్సల్టెన్సీ వాళ్లు కొన్నవారి పేరు చెప్పకపోతే లీగల్ నోటీసు ఇప్పించండి, అంతకుముందు ఫోన్ మీద ఫోన్ చేస్తూ కూర్చోవడం కాలయాపన.

ప్రశ్న: జనరల్ టికెట్‌తో స్లీపర్ ఎక్కితే టీటీఈ జరిమానా అడిగారు. నా దగ్గర లేకపోతే ఏం చేసేవారు?
(విద్యార్థి, ఎంవీపీ కాలనీ)

జవాబు: రైల్వే చట్టం 138 ప్రకారం ఛార్జీల తేడాతో పాటు అంతే మొత్తం, లేదా 250 రూపాయలు, ఏది ఎక్కువైతే అది అదనంగా కట్టాలి. కట్టకపోతే మేజిస్ట్రేట్ ముందు పెట్టవచ్చు, అక్కడా కట్టకపోతే పది రోజుల నుంచి నెల దాకా జైలుకు వీలుంది. రద్దీ వల్ల తప్పక ఎక్కాల్సి వస్తే టీటీఈ మీ దగ్గరికి వచ్చేదాకా ఆగకుండా మీరే ముందు వెళ్లి చెప్పి అనుమతి తీసుకోండి. అనుమతి పత్రం ఉంటే ఆ అదనపు మొత్తం పడదు, తేడా ఛార్జీ కడితే సరి. ఏం కట్టినా రసీదు అడగండి.

ప్రశ్న: "మీ బండికి చలానా ఉంది" అని వాట్సాప్‌లో ఫైలు వచ్చింది. తెరవొచ్చా?
(గోపాలపట్నం)

జవాబు: తెరవొద్దు. చివర ఏపీకే అని ఉంటే అది మీ ఫోన్‌లోకి దూరి ఓటీపీలు లాగేసే యాప్. నిజమైన చలానా చూడటానికి ఏ యాప్ ఫైలూ దించుకోనక్కర్లేదు, పోర్టల్ మీరే తెరిచి బండి నంబరుతో చూసుకోండి. ఇప్పటికే నొక్కేసి ఉంటే ఫోన్‌లో నెట్ ఆపేసి, ఇంకొకరి ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి ఖాతా నిలిపించండి. వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు అవతలి ఖాతాలో ఆగే అవకాశం అంత ఎక్కువ.